అయస్కాంత క్షేత్రంలో ఆవేశిత కణం ఎటు వంగుతుందో కనిపెట్టడం ఎలా? ముందు బొమ్మ, తర్వాతే ఫార్ములా

అయస్కాంత క్షేత్రంలో కణం తిరిగే వృత్తం వ్యాసార్ధం ఎంతని నిద్రలో లేపి అడిగినా ‘ఎంవీ బై క్యూబీ’ అని చెప్పే పిల్లలు నెల్లూరు, ఒంగోలు హాస్టళ్లలో ఎందరో ఉన్నారు. అదే పిల్లల్ని ‘ఎలక్ట్రాన్ తూర్పుకు వెళ్తోంది, క్షేత్రం ఉత్తరానికి ఉంది, ఎటు వంగుతుంది?’ అని అడిగితే పెన్ను ఆగిపోతుంది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్ష అయినా, ఈఏపీసెట్ అయినా, జేఈఈ అయినా ఈ పాఠంలో మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే. ఫార్ములా తెలియక కాదు, బొమ్మ గీయకుండానే ఫార్ములాలోకి దూకడం వల్ల. కింద చెప్పిన వరసలో వెళ్లండి. మొదట్లో నెమ్మదిగా అనిపిస్తుంది. చేతికి అలవాటైతే ఒక లెక్కకు నిమిషం కూడా పట్టదు.

మొదటి పని: దిక్కులు ఖాయం చేసుకోండి

మన జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఒక సదుపాయం ఉంది. నెల్లూరులోనైనా, కావలిలోనైనా, ఒంగోలులోనైనా ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడండి. కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు వెలిగొండలు. వెనక గూడూరు, చెన్నై. ముందుకు వెళ్తే విజయవాడ. ఇక భూమి అయస్కాంత క్షేత్రం కూడా మన దగ్గర దాదాపు నేలకు సమాంతరంగా, మీ వీపు నుంచి ముఖం వైపుగా, అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. అయస్కాంత భూమధ్యరేఖకు మనం దగ్గరగా ఉండటమే దీనికి కారణం. నిజానికి క్షేత్రం కొద్దిగా నేలలోకి వాలి ఉంటుంది. ఈ లెక్కల వరకు ఆ వాలును వదిలేయవచ్చు.

దాని బలం సుమారు 40 మైక్రోటెస్లా, అంటే 4 × 10⁻⁵ టెస్లా. కావాలంటే మీరే చూసుకోవచ్చు. ఫోనులో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యాప్ ఏదైనా ఉచితంగా వేసుకుని, ఫోనును గది మధ్యలో టేబులు మీద పెట్టండి. అంకె 40కి అటూ ఇటూ ఉంటుంది. ఇప్పుడు ఫోనును ఇనప బీరువా దగ్గరికి తీసుకెళ్లండి. అంకె ఒక్కసారిగా మారిపోతుంది, దిక్సూచి కూడా పక్కకు తిరుగుతుంది. ‘ఏకరీతి క్షేత్రం’ అన్న మాటకు అర్థం ఇక్కడే తెలుస్తుంది: బలమూ దిశా రెండూ ఏ బిందువు దగ్గరైనా ఒకేలా ఉండాలి. గది మధ్యలో ఉన్నది ఏకరీతి క్షేత్రం, బీరువా పక్కన ఉన్నది కాదు. మీ లెక్కలో ‘ఏకరీతి’ అన్న మాట ఉందో లేదో ముందే చూసుకోండి. కింద చెప్పే వృత్తం, హెలిక్స్ (అంటే స్ప్రింగు లాంటి దారి) ఆ మాట ఉన్నప్పుడే వస్తాయి.

ఇంకో సంగతి. చాలా ఫోన్లలో క్షేత్రాన్ని కొలిచే చిప్పు పనిచేసేది హాల్ ప్రభావంతో. సన్నటి పలకలో కదిలే ఆవేశాలను క్షేత్రం ఒక పక్కకు నెడితే ఆ పక్కకూ ఈ పక్కకూ మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టినది అదే. అంటే ఈ పాఠంలోని బలాన్నే మీ ఫోను ప్రతి క్షణం కొలుస్తోంది.

కాగితం మీద గీసేటప్పుడు క్షేత్రం కాగితంలోకి వెళ్తుంటే ఇంటూ గుర్తులు, బయటికి వస్తుంటే చుక్కలు పెట్టండి. లెక్కలో ఏ దిక్కు ఇచ్చినా ముందు ఈ గుర్తులు కాగితమంతా పెట్టి, కణం మొదలయ్యే చోట వేగానికి ఒక బాణం వేయండి. ఈ రెండూ లేకుండా మూడో గీత గీయకండి.

రెండో పని: ఎడమచేత్తో బలం దిశ

ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు, బొటనవేలు ఒకదానికొకటి లంబంగా చాపండి. చూపుడువేలు క్షేత్రం, మధ్యవేలు ధనావేశం కదిలే దిశ, బొటనవేలు బలం. ఇప్పుడు ఉత్తర ముఖంగా నిలబడే చేసి చూడండి. చూపుడువేలు ముందుకు, మధ్యవేలు కుడికి అంటే సముద్రం వైపుకు. బొటనవేలు ఆకాశం వైపు ఉంది కదా? మన ఊళ్లో సముద్రం వైపు దూసుకెళ్లే ప్రోటాన్ మీద బలం పైకి ఉంటుందన్నమాట.

ఎలక్ట్రాన్ అయితే? రెండు దారులున్నాయి. వేళ్లు అలాగే ఉంచి చివర్లో జవాబును తిరగేయడం ఒకటి, మధ్యవేలినే వేగానికి ఎదురు దిశలో పెట్టడం ఇంకొకటి. నా మాట వినండి, మొదటి దారికే కట్టుబడండి. ఎప్పుడూ ధనావేశం అనుకునే వేళ్లు పెట్టండి, జవాబు దగ్గర మాత్రమే ‘ఋణావేశం కాబట్టి తలకిందులు’ అని రాయండి. రెండు దారులూ కలిపి వాడేవాళ్లు పరీక్ష హాలు టెన్షన్‌లో రెండుసార్లు తిరగేస్తారు, జవాబు మళ్లీ మొదటికొస్తుంది.

బిట్లకు పనికొచ్చే గుర్తు: ఇంటూ గుర్తుల క్షేత్రంలో ధనావేశం అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. చుక్కల క్షేత్రంలో సవ్యంగా తిరుగుతుంది. ఎలక్ట్రాన్‌కు రెండూ తారుమారు. దీన్ని బట్టీ పట్టేముందు ఒకసారి వేళ్లతో సరిచూసుకోండి.

మూడో పని: వేగాన్ని రెండు ముక్కలు చేయండి

ఎన్ని రకాల లెక్కలు ఇచ్చినా ప్రశ్న ఒక్కటే: వేగంలో క్షేత్రం వెంబడి ఉన్నది ఎంత, క్షేత్రానికి అడ్డంగా ఉన్నది ఎంత? వేగానికీ క్షేత్రానికీ మధ్య కోణం థీటా అయితే వెంబడి ముక్క వీ కాస్ థీటా, అడ్డ ముక్క వీ సైన్ థీటా. వెంబడి ముక్క జోలికి క్షేత్రం రాదు. అడ్డ ముక్కనే అది వంచుతుంది.

కాబట్టి కోణం 0 లేదా 180 డిగ్రీలయితే కణం తిన్నగా పోతుంది, లెక్క అక్కడితో అయిపోయింది. 90 అయితే వృత్తం. మధ్యలో ఏదైనా అయితే వృత్తమూ ముందుకు నడకా కలిసి హెలిక్స్. కణం కదలకుండా ఉంటే అయస్కాంత బలం సున్నా. ఈ చివరి మాట చిన్నదే అయినా బిట్లలో తరచూ వస్తుంది.

నాలుగో పని: కేంద్రం పెట్టి, అప్పుడు వ్యాసార్ధం

బొటనవేలు చూపించిన వైపే వృత్తం కేంద్రం ఉంటుంది. వేగం బాణానికి లంబంగా, బలం వైపు ఒక గీత గీసి దాని మీద కేంద్రాన్ని గుర్తించండి. చాలామంది ఈ పని చేయరు. చేస్తే దారి దానంతటదే కనపడుతుంది.

పొలంలో పిట్టలను తోలే వడిసెలను గుర్తు చేసుకోండి. తాడు రాయిని ఎప్పుడూ మధ్యకే లాగుతుంది, రాయి ఎప్పుడూ పక్కకే పోతుంది, తాడు వదలగానే అది స్పర్శరేఖ వెంట దూసుకుపోతుంది. అయస్కాంత బలం చేసేది ఆ తాడు పనే. అది వేగానికి ఎప్పుడూ లంబంగానే ఉంటుంది కనుక పని చేయదు. కణం స్పీడు మారదు, గతిజ శక్తి మారదు, దిశ ఒక్కటే మారుతుంది. ‘క్షేత్రంలో పది చుట్లు తిరిగాక గతిజ శక్తి ఎంత?’ అని అడిగితే లెక్క చేయకుండానే ‘మొదట ఉన్నంతే’ అని రాసేయండి.

ఈ బలమే అభికేంద్ర బలం, అంటే వృత్తం మధ్యకు లాగే బలం. ఎం ద్రవ్యరాశి, వీ వేగం, క్యూ ఆవేశం, బీ అయస్కాంత క్షేత్రం, ఆర్ వ్యాసార్ధం అనుకోండి. క్యూవీబీని ఎంవీ స్క్వేర్ బై ఆర్‌కు సమానం చేస్తే ఆర్ విలువ ఎంవీ బై క్యూబీ అని వచ్చేస్తుంది. ఇందులో ఎంవీ అంటే ద్రవ్యవేగం. ఎక్కువ ద్రవ్యవేగం ఉన్న కణాన్ని వంచడం కష్టం, అందుకే పెద్ద వృత్తం. ఎక్కువ ఆవేశం, ఎక్కువ క్షేత్రం ఉంటే గట్టిగా లాగుతుంది, అందుకే చిన్న వృత్తం. ఫార్ములా మరిచిపోయినా ఈ తర్కంతో మళ్లీ రాసుకోవచ్చు.

పరీక్షల్లో ఎప్పుడూ కనపడే ప్రోటాన్, డ్యూటెరాన్, ఆల్ఫా కణం లెక్కలో ఒక్క పదం చుట్టూ గీత గీయండి: ఆ మూడింటికీ ఏది సమానం అన్నారు? ద్రవ్యరాశులు 1:2:4, ఆవేశాలు 1:1:2 అని పక్కన రాసుకోండి. స్పీడు సమానమైతే వ్యాసార్ధాలు 1:2:2. ద్రవ్యవేగం సమానమైతే ఆవేశం ఒక్కటే తేడా చూపిస్తుంది, 2:2:1. గతిజ శక్తి సమానమైతే ద్రవ్యరాశి వర్గమూలాన్ని ఆవేశంతో భాగించాలి, అప్పుడు 1:√2:1. ప్రోటాన్, ఆల్ఫా వృత్తాలు రెండూ ఒకే సైజులో రావడం చూసి తప్పు చేశామేమో అని కంగారు పడతారు. తప్పేమీ లేదు, అవి నిజంగానే సమానం. ఒకే పొటెన్షియల్ తేడాతో త్వరణం పొందితే మాత్రం 1:√2:√2.

ఈ చివరి నిష్పత్తి పుస్తకానికే పరిమితం కాదు. 2022 జిల్లాల విభజన దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ని పరిశీలించే ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. సూర్యుడి నుంచి వచ్చే సౌర పవనంలో ప్రోటాన్లూ ఆల్ఫా కణాలూ కలిసి వస్తాయి. వాటిని కొలిచే పరికరాల్లో ఒకటి ముందు విద్యుత్ క్షేత్రంతో, ఒక్కో ఆవేశానికి ఒకే శక్తి ఉన్న కణాలను ఏరుతుంది. అంటే మన భాషలో ఒకే పొటెన్షియల్ దాటి వచ్చినట్టున్న కణాలు. తర్వాత అయస్కాంతం వాటిని రెండుగా విడదీస్తుంది, ఎందుకంటే వ్యాసార్ధాలు 1కి √2గా వేరుపడతాయి. మీరు హాస్టల్ గదిలో చేసే బిట్టు సరిగ్గా ఇదే.

ఐదో పని: కాలం

ఒక చుట్టు చుట్టడానికి పట్టే కాలం 2 పై ఆర్ బై వీ. ఆర్ స్థానంలో ఎంవీ బై క్యూబీ పెడితే వీ కొట్టుకుపోయి 2 పై ఎం బై క్యూబీ మిగులుతుంది. ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. స్పీడుగా వెళ్లే కణం పెద్ద వృత్తం తిరుగుతుంది, నెమ్మదిగా వెళ్లేది చిన్న వృత్తం తిరుగుతుంది. ఇద్దరూ బయల్దేరిన చోటికి ఒకే సమయానికి చేరుకుంటారు. వేగం ఎంతన్నది కాలానికి అక్కర్లేదు.

మన ఊరి క్షేత్రంలో ఎలక్ట్రాన్‌కు ఈ కాలం ఎంతో చూద్దాం. ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోలు, ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలూంబులు, క్షేత్రం 4 × 10⁻⁵ టెస్లా. పైన 2 పై ఎం అంటే 5.72 × 10⁻³⁰, కింద క్యూబీ అంటే 6.4 × 10⁻²⁴. భాగిస్తే సుమారు 8.9 × 10⁻⁷ సెకన్లు. సెకనుకు 11 లక్షలకు పైగా చుట్లు, అంటే దాదాపు 1,120 కిలోహెర్ట్జ్. పాత రేడియోలో మీడియం వేవ్ ముల్లు తిరిగే పరిధిలోని పౌనఃపున్యమిది. మన నెత్తిమీద అయనోవరణంలో ఉన్న ఎలక్ట్రాన్లు ఇంచుమించు ఈ లయలోనే తిరుగుతుంటాయి. అక్కడ క్షేత్రం నేల మీదకన్నా కాస్త తక్కువ కాబట్టి అంకె కొద్దిగా తగ్గుతుంది, అంతే.

ఆరో పని: వాలుగా వస్తే హెలిక్స్

వేగాన్ని ముక్కలు చేయడం వచ్చాక ఇందులో కొత్తదేమీ లేదు. అడ్డ ముక్కతో వ్యాసార్ధం కట్టండి. కాలం ఫార్ములా మారదు. వెంబడి ముక్కను ఆ కాలంతో గుణిస్తే ఒక చుట్టులో ముందుకు జరిగే దూరం, అంటే పిచ్ వస్తుంది.

ఒక లెక్క చేద్దాం. 0.2 టెస్లా క్షేత్రంలోకి ప్రోటాన్ 30 డిగ్రీల కోణంలో సెకనుకు 3 × 10⁵ మీటర్ల వేగంతో వచ్చింది. అడ్డ ముక్క 1.5 × 10⁵, వెంబడి ముక్క 2.6 × 10⁵. వ్యాసార్ధం 1.67 × 10⁻²⁷ ను 1.5 × 10⁵ తో గుణించి 3.2 × 10⁻²⁰ తో భాగిస్తే 7.8 మిల్లీమీటర్లు. కాలం 3.3 × 10⁻⁷ సెకన్లు. పిచ్ సుమారు 8.5 సెంటీమీటర్లు. ఇప్పుడు బొమ్మను ఈ కొలతలతో ఊహించండి: చిటికెనవేలు లావున్న వృత్తం, ఒక్కో చుట్టుకు జానెడులో సగం కన్నా కాస్త తక్కువ ముందుకు. బాగా సాగదీసిన స్ప్రింగు అది. పుస్తకాల్లో గీసే దగ్గరదగ్గరి చుట్లు కోణం 90కి చేరువగా ఉన్నప్పుడే వస్తాయి. కోణం తగ్గేకొద్దీ చుట్లు సాగుతాయి.

ఏడో పని: క్షేత్రానికి హద్దు ఉంటే

జేఈఈలో కఠినంగా అడిగేది ఇదే. అయినా కేంద్రం గుర్తించే అలవాటు ఉన్నవాళ్లకు ఇది జ్యామితి లెక్క మాత్రమే.

డీ వెడల్పు ఉన్న క్షేత్రంలోకి కణం హద్దుకు లంబంగా ప్రవేశించింది అనుకోండి. కేంద్రం ఆ హద్దు గీత మీదే పడుతుంది. ఎందుకో బొమ్మ గీసి చూసుకోండి. వ్యాసార్ధం డీ కన్నా పెద్దదైతే కణం అవతలి వైపు నుంచి వెళ్లిపోతుంది, అది తిరిగిన కోణం సైన్ విలువ డీ బై ఆర్. చిన్నదైతే సగం వృత్తం తిరిగి, లోపలికి వచ్చిన ముఖం నుంచే 2 ఆర్ దూరంలో బయటికి వస్తుంది. పట్టే కాలం సగం చుట్టుది. సరిగ్గా సమానమైతే అవతలి హద్దును తాకీతాకకుండా వెనక్కి తిరుగుతుంది.

ఒకవైపు హద్దు ఉండి, రెండోవైపు ఎంతైనా విస్తరించిన క్షేత్రంలోకి వాలుగా వస్తే హద్దు గీతకూ వేగానికీ మధ్య కోణాన్ని ఆల్ఫా అనుకోండి. బయటికి వచ్చేటప్పుడు కూడా హద్దుతో అదే కోణం చేస్తుంది. ప్రవేశించిన చోటుకూ బయటపడిన చోటుకూ దూరం 2 ఆర్ సైన్ ఆల్ఫా. తిరిగిన చాపం కోణం 2 ఆల్ఫా కావచ్చు, లేదా 360లోంచి 2 ఆల్ఫా తీసేసినంత కావచ్చు. రెండింటిలో ఏదన్నది బలం ఏ వైపుందో చెబుతుంది, ఫార్ములా చెప్పదు. అందుకే రెండో పని తప్పనిసరి.

ఇంకో మాట గుర్తుంచుకుంటే కొన్ని బిట్లు వెంటనే తేలిపోతాయి. క్షేత్రానికి లంబంగా ఉన్న తలంలో, బయటి నుంచి వచ్చిన కణం ఏకరీతి క్షేత్రంలో పూర్తి వృత్తం ఎన్నడూ తిరగదు. పూర్తి వృత్తం అంటే ప్రవేశించిన చోటుకే తిరిగి రావాలి, ఆ చోటు హద్దు మీద ఉంది, కాబట్టి అంతకుముందే బయటపడిపోతుంది. పూర్తి వృత్తం కావాలంటే కణం క్షేత్రం లోపలే పుట్టాలి.

ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా

కాలేజీ ల్యాబులో సీఆర్ఓ, అంటే విద్యుత్ సంకేతాలను తెర మీద చుక్కతో గీసి చూపే పరికరం, చూసే ఉంటారు. దాని నాళంలో ఎలక్ట్రాన్లు 2,000 వోల్టులతో త్వరణం పొంది తెర దాకా 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తాయి అనుకుందాం. నాళాన్ని సముద్రం వైపు, అంటే తూర్పుకు తిప్పి పెట్టారు. భూమి క్షేత్రం ఆ చుక్కను ఎంత జరుపుతుంది?

ముందు బొమ్మ. క్షేత్రం ఉత్తరానికి, వేగం తూర్పుకు. ఎడమచెయ్యి ధనావేశానికి పైకి అంటుంది. ఎలక్ట్రాన్ కాబట్టి కిందికి. కేంద్రం నేలలో ఎక్కడో, నాళానికి నిట్టనిలువుగా కింద ఉంది.

తర్వాత వేగం. గతిజ శక్తి 2,000 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 3.2 × 10⁻¹⁶ జౌళ్లు. దీన్నుంచి వేగం సెకనుకు 2.65 × 10⁷ మీటర్లు. కాంతి వేగంలో పదో వంతు లోపే, కనుక మామూలు యాంత్రిక శాస్త్రం సరిపోతుంది. ద్రవ్యవేగం 2.41 × 10⁻²³. దీన్ని క్యూబీతో, అంటే 6.4 × 10⁻²⁴ తో భాగిస్తే వ్యాసార్ధం సుమారు 3.8 మీటర్లు.

30 సెంటీమీటర్ల ప్రయాణంలో ఈ పెద్ద వృత్తంలో చిన్న ముక్కే పూర్తవుతుంది. దూరం వర్గాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే చాలు: 0.09 బై 7.5, అంటే సుమారు 1.2 సెంటీమీటర్లు కిందికి. తక్కువేమీ కాదు. అందుకే మంచి సీఆర్ఓలలో నాళం చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే లోహపు తొడుగు పెడతారు. అదే నాళాన్ని విజయవాడ వైపు తిప్పితే వేగం క్షేత్రం వెంబడి ఉంటుంది, జరుగుడు దాదాపు మాయం. వెలిగొండల వైపు తిప్పితే చుక్క 1.2 సెంటీమీటర్లు పైకి పోతుంది.

ఎలక్ట్రాన్ బరువు సంగతేంటి అని అడిగే పిల్లలుంటారు, మంచి ప్రశ్న. ఇక్కడ అయస్కాంత బలం 1.7 × 10⁻¹⁶ న్యూటన్లు, ఎలక్ట్రాన్ బరువు 8.9 × 10⁻³⁰ న్యూటన్లు. అయస్కాంత బలం దాదాపు ఇరవై లక్షల కోట్ల రెట్లు ఎక్కువ. బరువును నిశ్చింతగా వదిలేయండి.

పళ్లెంలో చేసి చూడండి

శూన్య నాళం అందరికీ దొరకదు. ఉప్పునీళ్లు దొరుకుతాయి. మన తీరం ఉప్పు మడుల కల్లుప్పు రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో కరగేసి, చదునైన గాజు పళ్లెంలో పోయండి. పళ్లెం అంచు చుట్టూ పైపొర తీసిన రాగి తీగను వలయంలా పెట్టండి, మధ్యలో ఇంకో రాగి తీగ ముక్కను నిలబెట్టండి. రేడియో రిపేరు షాపులో అడిగితే పాత స్పీకరు అయస్కాంతం ఇస్తారు. దాన్ని పళ్లెం కింద పెట్టండి. 9 వోల్టుల బ్యాటరీ ఒక కొనను మధ్య తీగకు, ఇంకో కొనను వలయానికి కలపండి. ఇంట్లో కరెంటు ప్లగ్గు మాత్రం ఈ ప్రయోగానికి ఎప్పుడూ వాడకూడదు.

నీళ్ల మీద మిరియాల పొడి చిటికెడు చల్లండి. నీళ్లు మధ్య తీగ చుట్టూ తిరగడం కనపడుతుంది. బ్యాటరీ కొనలు మార్చండి, వెనక్కి తిరుగుతాయి. అయస్కాంతాన్ని బోర్లించండి, మళ్లీ దిశ మారుతుంది. పసుపు చల్లితే బాగా కనపడుతుంది కదా అనిపిస్తుంది, కానీ నెగటివ్ తీగ దగ్గర క్షారం పుట్టి పసుపు కుంకుమ రంగులోకి మారిపోతుంది. అది వేరే పాఠం. పాజిటివ్ తీగ దగ్గర బ్లీచింగ్ పౌడరు వాసన వస్తే అది క్లోరిన్. కాబట్టి కిటికీలు తెరిచి, కొద్ది నిమిషాలు మాత్రమే నడిపి ఆపేయండి. వాడిన నీళ్లు పారబోసి చేతులు కడుక్కోండి.

ఇందులో ఆలోచించాల్సింది ఒకటుంది. సోడియం అయాన్లు ఒకవైపు, క్లోరైడ్ అయాన్లు ఎదురువైపు పోతున్నాయి. మరి నీళ్లు రెండు వైపులా లాగబడి ఆగిపోకుండా ఒకే వైపు ఎందుకు తిరుగుతున్నాయి? ఆవేశం గుర్తు మారింది, వేగం దిశ కూడా మారింది. రెండూ మారితే బలం దిశ మారదు. రెండు అయాన్లూ నీళ్లను ఒకే పక్కకు నెడతాయి. వేళ్లు పెట్టి చూసుకోండి. శూన్యంలో ఒకే దిశలో వచ్చే ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఎదురెదురుగా వంగడానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. నీళ్లలో అయాన్లు వృత్తాలు తిరగవన్న మాట కూడా గుర్తుంచుకోండి. అడుగడుగునా నీటి అణువులను ఢీకొంటాయి కాబట్టి పక్కకు తోపు మాత్రమే మిగులుతుంది.

విద్యుత్ క్షేత్రం కూడా కలిస్తే

అయస్కాంత బలం వైపుకు ఎదురుగా విద్యుత్ బలం వచ్చేలా అమర్చితే ఒక్క స్పీడు ఉన్న కణాలే తిన్నగా పోతాయి. ఆ స్పీడు ‘ఈ బై బీ’, అంటే విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగించినంత. కణం ఆవేశంతో, ద్రవ్యరాశితో పని లేదు. జే.జే. థామ్సన్ 1897లో కాథోడ్ కిరణాలను ఇలా రెండు క్షేత్రాలతో వంచే ఎలక్ట్రాన్ ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తిని కనుక్కున్నాడు.

ఐదో పనిలో చెప్పిన సంగతిని, అంటే కాలానికి వేగంతో పని లేకపోవడాన్ని, కణాల వేగం పెంచే సైక్లోట్రాన్ అనే యంత్రంగా మార్చినవాడు భౌతిక శాస్త్రవేత్త లారెన్స్. అయస్కాంతం కణాన్ని తిప్పుతుంది, చుట్టు తిరిగిన ప్రతిసారీ విద్యుత్ క్షేత్రం రెండుసార్లు తోస్తుంది, వృత్తం పెద్దదవుతుంది, కానీ కాలం మారదు కాబట్టి తోసే లయ మార్చక్కర్లేదు. లారెన్స్, లివింగ్‌స్టన్ 1931 మొదట్లో నడిపిన సైక్లోట్రాన్ అడ్డకొలత సుమారు 11 సెంటీమీటర్లే, అరచేతిలో పట్టేంత. అందులోంచి 80,000 ఎలక్ట్రాన్ వోల్టుల కణాలు వచ్చాయి. 1939లో లారెన్స్‌కు నోబెల్ వచ్చింది. ప్రోటాన్‌కు 1 టెస్లా క్షేత్రంలో ఈ లయ సుమారు 15.2 మెగాహెర్ట్జ్. ఈ అంకెను ఒకసారి మీరే కట్టి చూడండి. లయ కుదరకుండా పోయేది వేగం కాంతి వేగానికి దగ్గరపడ్డప్పుడు. అప్పుడు కాలం పెరుగుతుంది, కణం తోపు దగ్గరికి ఆలస్యంగా చేరుతుంది. ఎలక్ట్రాన్ తేలిక కనుక ఈ చిక్కు దానికి చాలా తొందరగా వస్తుంది. అందుకే మామూలు సైక్లోట్రాన్‌లో ఎలక్ట్రాన్లను తిప్పరు.

చేసి చూడాల్సినవి

పెన్నా పడమటి నుంచి తూర్పుకు పారి సముద్రంలో కలుస్తుంది. ఆ నీటితోపాటు కొట్టుకుపోయే సోడియం అయాన్ మీద భూమి క్షేత్రం ఎటు నెడుతుంది, క్లోరైడ్ అయాన్ మీద ఎటు? సోడియం పైకి, క్లోరైడ్ కిందికి. పళ్లెంలో రెండూ ఒకే పక్కకు వెళ్లాయి, ఇక్కడ విడిపోయాయి. కారణం మీకిప్పుడు తెలుసు: ఇక్కడ రెండూ ఒకే దిశలో కదులుతున్నాయి.

నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద ఉత్తరంగా వెళ్లే బస్సులో దువ్వెన రుద్ది ఆవేశం తెప్పించారు. బస్సు వేగం వల్ల దాని మీద అయస్కాంత బలం ఎంత? రోడ్డు దాదాపు క్షేత్రం వెంబడే ఉంది, కనుక దాదాపు సున్నా.

మూడోది కాస్త పెద్దది. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణంగా ఒక ప్రోటాన్ మన ఊరి మీదికి నిట్టనిలువుగా దిగుతోంది. ఎటు వంగుతుంది? చూపుడువేలు ఉత్తరానికి, మధ్యవేలు నేలకు పెట్టండి. బొటనవేలు సముద్రం వైపు తిరుగుతుంది. అంటే ధనావేశాలు తూర్పుకు వంగుతూ దిగుతాయి, కాబట్టి కింద నిలబడినవాళ్లకు అవి పడమటి ఆకాశం నుంచి ఎక్కువగా వస్తున్నట్టు కనిపించాలి. ఋణావేశాలైతే తూర్పు నుంచి ఎక్కువ రావాలి. భౌతిక శాస్త్రవేత్త బ్రూనో రోసీ 1930లో ఈ తర్కంతోనే తేడా ఉంటుందని ముందే చెప్పాడు. 1933లో కొలిచి చూస్తే పడమటి నుంచే ఎక్కువ వస్తున్నాయి. అంతరిక్షం నుంచి వచ్చే ఆ కణాలు ఎక్కువగా ధనావేశాలని అలా తేలింది. భూమి క్షేత్రం అంత దూరంలో ఏకరీతి కాదు కాబట్టి వ్యాసార్ధం ఫార్ములా అక్కడ నేరుగా పనికిరాదు. దిశను తేల్చడానికి మాత్రం ఎడమచేతి మూడు వేళ్లు సరిపోయాయి.